చేదు లేని క్వినైన్

"సిగ్గుండాలయ్యా నీకు! మందు మింగావా, బఠాణీ గింజ మింగావా? నోట్లో వేసుకున్నావు, టీ పోసుకున్నావు, మూతి తుడుచుకున్నావు. అదేం మందో, ఎందుకిచ్చారో, తిన్నాక వేసుకోవాలో తినకముందో ఒక్క ముక్క అడిగావా? మందంటే అంత లోకువైపోయిందా మీకు?"

ఔన్సు తాత అలా దర్జీ మీద విరుచుకుపడ్డాడు. అప్పుడే మాత్ర వేసుకుని టీ కొట్టు బల్ల మీద వెనక్కి వాలబోతున్న దర్జీ ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నాడు.

"తలనొప్పి మాత్ర బాబాయ్. దానికింత గొడవెందుకు?"

"నొప్పి నీకు. నిన్ను చూస్తే తల తిరుగుతోంది నాకు."

ఆయన్ని అందరం ఔన్సు తాత అనే పిలుస్తాం. ఒకప్పుడు మా వీధి చివర ఉన్న చిన్న ఆస్పత్రిలో కాంపౌండరు. డాక్టరు చీటీ రాసిస్తే, అందులో ఉన్నట్టు మందు కలిపి, కిటికీలోంచి జనానికి అందించడం ఆయన పని. ఆ ఆస్పత్రి ఎత్తేసి, ఆ చోట సైకిళ్ళ గోదాం పెట్టి చాలా ఏళ్ళయింది. ఈయన మాత్రం ఇంకా ఔన్సుల్లోనే బతుకుతున్నాడు. టీ గ్లాసు కళ్ళ ముందు ఎత్తిపట్టి, "ఇవాళ అర ఔన్సు తగ్గిందమ్మా" అని టీ కొట్టావిడతో రోజూ పేచీ. "తగ్గింది టీ కాదు తాతా, మీ చూపు" అని ఆవిడ జవాబు.

ఆ సాయంత్రం ఆయన గొంతు మామూలు కంటే పెద్దదిగా ఉండడానికి కారణం ఉంది. బల్ల చివర ఒక అమ్మాయి కూర్చుని ఉంది. మందుల చదువు చదివి వచ్చి, ఎదురుగా రోడ్డుకి అటు పక్కన షాపు పెడుతోంది. ఇంకో వారంలో తెరుస్తుంది. చదువురాని వాళ్ళకి, ముసలివాళ్ళకి ఏ మందు ఎప్పుడు ఎలా వేసుకోవాలో ఓపిగ్గా చెప్పే పెద్దమనిషి ఎవరైనా ఉంటే కౌంటరు పక్కన స్టూలు వేసి కూర్చోబెడతానంది. ఆ మాట తాత చెవిన పడింది. "ఇంకేమీ వద్దు తల్లీ, ఆ స్టూలు నాకియ్యి చాలు" అని అడిగాడు. "ముందు మీ పని ఎలా చేసేవారో చెప్పండి తాతగారూ, వింటాను" అంది ఆ అమ్మాయి. అదీ సంగతి. తాత ఆ రోజు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. మాట మాటకీ రోడ్డుకి అవతల, ఖాళీ అరల వైపు చూస్తున్నాడు.

"చెప్తా విను తల్లీ. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు."

"అస్సలు చేతకాదు," అన్నాడు దర్జీ.

"నీ మాత్ర కరిగేదాకా నోరు మూసుకుని కూర్చోవయ్యా. ఆఁ, ఏమంటున్నాను? మా ఆస్పత్రి గదిలో అడుగు పెడితే మనిషి కంటే ముందు వాసన పలకరించేది. పిప్పర్మెంటు, కర్పూరం, స్పిరిట్, టింక్చరు, అడుగున ఎక్కడో కాస్త తేనె. ఆ వాసన నా చొక్కాకి పట్టి, జుట్టుకి పట్టి, నేను సందు మొదట్లో ఉండగానే మా ఆవిడ లోపల్నించి 'వచ్చారా' అనేది. నీ షాపుకి పొద్దున వెళ్ళి నిలబడ్డానమ్మా. కొత్త చెక్క వాసనే తప్ప ఇంకేం లేదు. మందులన్నీ రేకుల్లో దాక్కున్నాయి. రేకులో దాక్కున్న మందుకి వాసనేం ఉంటుంది? మా మందులు అలా కాదు, సీసా మూత తీస్తే గదంతా కలయదిరిగేవి. సరే, అది పోనీ. నా చేతికి ఒక గుణం ఉండేది. ఔన్సు మందు పొయ్యాలంటే అందరూ గీతలున్న కొలత గ్లాసు పట్టుకుంటారు. నేను పట్టను. సీసా వంచుతాను, ఆపుతాను, ఔన్సు. డాక్టరుగారికి నమ్మకం కుదరక ఒకరోజు పది సీసాలు పోయించి, పదీ కొలిచి చూశారు. చుక్క తేడా ఉంటే ఒట్టు."

"నేనూ అంతే," అన్నాడు దర్జీ. "కంటితో చూసి నడుం కొలత చెప్పేస్తాను."

"అందుకే మా ఆయన ప్యాంటు చేత్తో పట్టుకుని నడుస్తున్నాడు," అంది టీ కొట్టావిడ.

అందరం నవ్వాం. అమ్మాయి కూడా నవ్వింది. తాతకి ఊపొచ్చింది.

"నవ్వండి నవ్వండి. పొడి మందు పొట్లాలు కట్టడం చూడాల్సింది మీరు. ఇప్పుడు యంత్రాలు చేస్తున్నాయి, అప్పుడు మేమే యంత్రాలం. కల్వంలో మందు నూరి, కాగితాలు వరసగా పరిచి, కత్తి అంచుతో పొడిని భాగాలు చేసి మడత పెట్టేవాణ్ణి. ఒక పొట్లంలో ఎన్ని రేణువులో రెండో దాంట్లో అన్నే. ఒకనాడు పొట్లం చేతిలోకి తీసుకున్నాను కదా, తేలిగ్గా అనిపించింది. ఒక్క రేణువు తక్కువ. ఎక్కడికి పోయింది? చూద్దును కదా, ఒక చీమ ఎత్తుకుపోతోంది. దాని వెనకాలే వెళ్ళాను. గోడ దిగాను, మెట్లు దిగాను, వీధి దాటాను. పుట్ట దగ్గర ఆపి, 'ఇది రోగి సొత్తు, చీటీ లేకుండా ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదు' అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చీమ తల వంచుకుని ఇచ్చేసింది."

"చీటీ రాయించుకుని మళ్ళీ రాలేదా?" అన్నాడు దర్జీ.

"వచ్చింది. డాక్టరుగారు లేని రోజు వచ్చింది, వెనక్కి పంపాను. నియమం నియమమే. ఇక గుళికలు! ముద్ద చేసి, పలక మీద సాగదీసి, కోసి, అరచేతి కింద దొర్లిస్తే, చంద్రుడు చూసి సిగ్గుపడేంత గుండ్రం. ఒకసారి ఒక గుళిక చేతిలోంచి జారింది. కిటికీలోంచి బయటపడి వీధెంట దొర్లింది. నేను కేకేస్తున్నాను, అది ఆగదు. మలుపు తిరిగింది, ఎద్దుల బండికి దారిచ్చింది, మేడ మెట్లు ఎక్కింది. నడుం పట్టేసి మంచం మీద ఉన్న మేస్త్రీ నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు. తిన్నగా వెళ్ళి ఆ నోట్లో పడింది. అది ఆయనకి చేసిన గుళికే! అంత శుద్ధిగా చేస్తే మందుకి తన మనిషెవరో తనకే తెలుస్తుంది తల్లీ."

అమ్మాయి గ్లాసు కింద పెట్టి అడిగింది. "తాతగారూ, మీరు అన్నిటికంటే బాగా కలిపిన మందేది?"

అడగవలసిన ప్రశ్న అడిగిందని ఆయన మొహం చెప్పింది. తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు, మందు కలపడానికి సిద్ధమవుతున్నట్టు.

"క్వినైన్. చలిజ్వరానికి అప్పట్లో అదొక్కటే దిక్కు. దాని పుట్టుక మీకెవరికీ తెలీదు. సముద్రాల అవతల కొండల మీద ఒక చెట్టుంది. దాని బెరడు నూరి తాగితే వణుకుడు జ్వరం పోతుందని ఎవరో కనిపెట్టారు. ఎవరంటే ఎవరికీ తెలీదు, కథలు మాత్రం వంద. ఆ బెరడు ఓడలెక్కి వచ్చింది, రాజుల మంచాల దగ్గరికి సారాలో కలిసి వెళ్ళింది. తర్వాత పెద్ద చదువుల వాళ్ళు ఆ బెరడులోంచి తెల్లటి ఉప్పు తీశారు. అదే క్వినైన్. దేశాలు దాటి వచ్చి, చివరికి మా గదిలో గాజు జాడీలో కూర్చుంది. పేరు గొప్పదే గానీ, చేదమ్మా! ఎంత చేదంటే, జాడీ మూత మీద వాలిన కాకి అరవడం మరిచిపోయింది. సోమవారం తాగినవాడు గురువారం పెళ్ళాంతో మాట్లాడితే ఆవిడ నాలిక్కి చేదు తగిలేది. పిల్లలు కిటికీ చూసి పారిపోయేవాళ్ళు. పెద్దవాళ్ళు బుగ్గన పెట్టుకుని, గుమ్మం దాటి ఉమ్మేసేవాళ్ళు. ఆ చేదుని నేను తీసేశాను."

"తీసేశారా?" అంది అమ్మాయి.

"తీసేశాను. నా చేతి మహిమ. ఒక పొద్దున జాడీలో మందు కలిపి, మొదటి మనిషికి ఔన్సు పోసిచ్చాను. ఒక మంచినీళ్ళ బిందెల ఆవిడ. కళ్ళు మూసుకుని, ముక్కు పట్టుకుని, దేవుణ్ణి తలుచుకుని గుటక వేసింది. కళ్ళు తెరిచి, 'అయ్యో, చేదే లేదే!' అంది. ఆ మాట వీధి దాటేసరికి కేక అయింది, ఊరు దాటేసరికి పండగ అయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏడు ఊళ్ళ జనం మా కిటికీ ముందు వరస కట్టారు. వరస ఎంత పొడుగంటే, చివర నిలబడ్డవాడికి గడ్డం మొలిచి నెరిసింది. వరసలోనే పెళ్ళిళ్ళయ్యాయి, వరసలోనే పిల్లలు పుట్టారు, ఆ పిల్లలకి జ్వరాలొచ్చి తల్లుల వెనకే నిలబడ్డారు. రైలు ఆగింది. ఇంజను డ్రైవరు దిగి ఒక ఔన్సు తాను తాగి, ఇంకో ఔన్సు బాయిలర్లో పోశాడు. అప్పటిదాకా వణుకుతూ దగ్గుతూ నడిచే ఇంజను ఊపిరి సలపకుండా నాలుగు స్టేషన్లు ఆగకుండా పోయింది."

"ఆగాల్సిన స్టేషన్లు కూడానా?" అన్నాడు దర్జీ.

"ఆరోగ్యం వచ్చినవాడు ఆగమంటే ఆగుతాడా? సాయంత్రం తలుపు వేసుకుని ఇంటికెళ్ళేవాణ్ణి. గుమ్మంలోనే మా ఆవిడ. చెంబుతో నీళ్ళిచ్చి, నేను కాళ్ళు కడుక్కునేలోగా 'ఇవాళ ఎవరెవరొచ్చారు? ఏమన్నారు?' అని మొదలుపెట్టేది. నేను ఒకటి చెబితే రెండు అడిగేది. పది మంది వచ్చారంటే 'పదేనా' అనేది, మూతి ముడిచి. అప్పుడు నేను ఇరవై చేసేవాణ్ణి. ఆవిడ కళ్ళు పెద్దవయ్యేవి. ఆ కళ్ళ కోసం ముప్పై చేసేవాణ్ణి. అంత శ్రద్ధగా నా మాట విన్న మనిషి ఈ లోకంలో మళ్ళీ..."

తాత ఆగాడు. ఎదుటి షాపు ఖాళీ అరల మీద సాయంత్రపు ఎండ పడింది. ఆయన చూపు అక్కడే ఉంది గానీ ఆయన అక్కడ లేడు.

దర్జీ అమ్మాయి వైపు వంగి మెల్లగా చెప్పాడు. "పిన్నికి వినబడదమ్మా. ఎప్పుడో జ్వరంలో రెండు చెవులూ పోయాయి."

"కానీ తాతని ఒక్క మాట అననివ్వదు," అంది టీ కొట్టావిడ. "ఎవరు కనబడినా ఆవిడకి అదే మాట. 'చెవులు పోతే పోయాయి, మా ఆయన మందు నా ప్రాణం నిలబెట్టింది' అంటుంది."

తాత గ్లాసులోకి చూశాడు. అందులో టీ ఎప్పుడో అయిపోయింది. తరవాత ఒక్కసారిగా గొంతు పెంచాడు, ఇందాకటి కంటే పైకి.

"అసలు సంగతి వినండి! ఎనిమిదో రోజు కిటికీ దగ్గర ఎవరో నిలబడ్డారు. బక్కగా, పొడుగ్గా, ఎండాకాలంలో కంబళి కప్పుకుని. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. 'ఎవరయ్యా' అన్నాను. 'నేనే, చలిజ్వరాన్ని' అంది. సాక్షాత్తూ జ్వరమే! 'కాంపౌండరు గారూ, మా తాతల నాటి నుంచీ ఈ వీధుల్లో బతుకుతున్నాం. మీ మందు చేదుగా ఉన్నన్నాళ్ళూ సగం మంది ఉమ్మేసేవాళ్ళు, మా పొట్ట గడిచేది. ఇప్పుడు అందరూ తాగేస్తున్నారు. మేం ఎక్కడికి పోవాలి?' అని కిటికీ చువ్వలు పట్టుకుని ఏడ్చింది. నాకు జాలేసింది. వైరే అనుకో, అయినా కిటికీ దాకా వచ్చి అడిగింది. ఒక ఔన్సు పోసిచ్చాను. తాగింది. జ్వరానికి జ్వరం తగ్గింది! కంబళి మడత పెట్టి నా చేతిలో పెట్టి, దండం పెట్టి వెళ్ళిపోయింది."

"ఆ కంబళి ఉందా తాతా?" అంది టీ కొట్టావిడ.

"దోమలు తీసుకెళ్ళాయి. అవి కూడా ఊరు ఖాళీ చేశాయి కదా, దారిలో చలేస్తుందని. ఇంకా వినండి. నాలికల మీద చేదు పోయేసరికి మనసుల్లో చేదు కూడా పోయింది. పదేళ్ళుగా మాట్లాడుకోని అన్నదమ్ములు మధ్యలో కట్టిన గోడ వాళ్ళే పడగొట్టుకున్నారు. అత్తలు కోడళ్ళకి తలలు దువ్వారు. కోర్టులో జడ్జీగారు పని లేక గుమాస్తాతో పులి మేక ఆడుకున్నారు. మొత్తం ఊళ్ళో చేదనేది చిటికెడు కూడా మిగల్లేదు తల్లీ, చిటికెడు కూడా!"

అందరం చప్పట్లు కొట్టాం. తాత అమ్మాయి వైపు తిరిగాడు. స్టూలు తనదే అన్నట్టు చూశాడు.

అమ్మాయి చప్పట్లు కొట్టలేదు.

"తాతగారూ, ఒక సందేహం. క్వినైన్ మామూలు నీళ్ళలో సరిగ్గా కరగదు కదా?"

"కరగదు."

"కరగడానికి యాసిడ్ చుక్కలు వెయ్యాలి. మాకు పుస్తకంలో చెప్పారు."

"వెయ్యాలి."

"వేస్తే కరుగుతుంది. కరిగితే చేదు తగలక మానదు. మీ మందు చేదు లేదన్నారంటే అది కరగలేదు. కరగకపోతే పైన ఉన్నవి నీళ్ళు, మందంతా జాడీ అడుక్కి చేరింది." ఆ అమ్మాయి గొంతులో వెటకారం లేదు. లెక్క చూస్తున్న మనిషిలా అడిగింది. "ఆ అడుగు ఎవరు తాగారు తాతగారూ?"

 పొయ్యి మీద పాలు పొంగుతుంటే టీ కొట్టావిడ చూసుకోలేదు.

తాత నోరు తెరిచాడు. ఇంకో కోత కోస్తాడనుకున్నాం. ఆయన దగ్గర కోతకి కొదవేముంది? కానీ ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నేల చూస్తూ, మేం ఎప్పుడూ వినని గొంతుతో మాట్లాడాడు.

"యాసిడ్ సీసా అయిపోయింది. అయిపోతోందని ముందే చెప్పడం నా పని. మరిచిపోయాను. డాక్టరుగారికి చెబితే చీవాట్లు పడతాయని చెప్పలేదు. ఉత్త నీళ్ళలోనే క్వినైన్ ఉప్పు వేసి తిప్పాను. తెల్లగా తేలింది, కిటికీ తెరిచేసరికి అడుక్కి దిగిపోయింది. పోనీ పోసే ముందు ఒకసారి కలియబెట్టినా సరిపోయేది. ఆ బిందెల ఆవిడ చేదు లేదంది. వెనకాల వాళ్ళు నన్ను మెచ్చుకున్నారు. అప్పుడిక కలియబెట్టబుద్ధి కాలేదు."

"ఎన్నాళ్ళు?"

"ఎనిమిది రోజులు. జాడీ ఖాళీ అవుతుంటే మళ్ళీ నీళ్ళు, మళ్ళీ ఉప్పు. తాగినవాళ్ళకి జ్వరం తగ్గలేదు. కొందరు మళ్ళీ వచ్చారు. కొందరు రాలేదు. రానివాళ్ళు ఏమయ్యారో నేను కనుక్కోలేదు."

అన్ని మాటలు చెప్పే మనిషి ఇన్నేళ్ళూ దాచినవి ఈ నాలుగే.

"ఎనిమిదో రోజు మా ఆవిడకి జ్వరం వచ్చింది. సాయంత్రం జాడీలో మిగిలింది సీసాలోకి వంచుకుని ఇంటికి తీసుకెళ్ళాను. ఊరంతా తాగింది, ఇంట్లో మనిషి తాగొద్దా అని. నా చేత్తోనే తాగించాను. చేదుందా అని అడిగాను. 'ఏం లేదు, బాగుంది' అంది. సీసా ఖాళీ చేసింది. నీళ్ళు పోసి, గిలకరించి అది కూడా తాగింది, పారబోస్తే పాపం అని. తెల్లారేసరికి చెవుల్లో గంటలు మోగుతున్నాయంది. మధ్యాహ్నానికి ఆ గంటలు కూడా లేవు. క్వినైన్ మోతాదు మించితే చెవులు పోతాయి."

దర్జీ తల పట్టుకున్నాడు.

"డాక్టరుగారు జాడీ తెప్పించి, వేలితో అడుగు గీకి నాలిక మీద వేసుకున్నారు. నన్ను తిట్టలేదు. 'కిటికీ మూసెయ్యి, ఇక రావద్దు' అన్నారు. నేనే మానేశానని మీకు చెప్పాను."

"మరి ఆవిడకి?" అంది అమ్మాయి. "ఆవిడకి ఏం చెప్పారు?"

"నుదురు చూపించి, చెవి చూపించి, చేతులు తిప్పాను. జ్వరం వల్ల పోయాయని. ఆవిడకి చదువు రాదు. నమ్మింది. ఆ రోజు నుంచి నా మందే తనని బతికించిందని అందరికీ చెబుతోంది. నా ముందే చెబుతుంది. నేను తల ఊపుతూ కూర్చుంటాను. ఎన్నోసార్లు తప్పు నాదే అని పైకి అన్నానమ్మా. ఎదురుగా కూర్చుని అన్నాను. వినబడనప్పుడు అనడం తేలికే కదా. 'అన్నం పెట్టమంటారా' అంటుంది."

"అబద్ధం చెప్పడానికి చేతులు సరిపోయాయి," అంది అమ్మాయి. "నిజం చెప్పడానికి ఎందుకు సరిపోవు?"

తాత తువ్వాలు మడత పెట్టాడు.

"నా కౌంటరు దగ్గర కూర్చునే మనిషి చెయ్యాల్సిన పని ఒక్కటే తాతగారూ. ఏ మందు ఏం చేస్తుందో ఉన్నది ఉన్నట్టు చెప్పడం. మీరు ముందు ఇంట్లో చెప్పి రండి. వారం టైముంది. స్టూలు ఎవరికీ ఇవ్వను."

ఆ అమ్మాయి లేచి రోడ్డు దాటి వెళ్ళిపోయింది. అంత కఠినంగా అనాలా అని మాలో ఒకడు గొణిగాడు. అనాలి. మేం అనలేదు. ఏళ్ళ తరబడి ఆ బల్ల మీద కూర్చుని నవ్వాం, చప్పట్లు కొట్టాం, ఇంకా చెప్పమన్నాం. అబద్ధాన్ని కన్నవాడు ఆయన. దానికి అన్నం పెట్టి పెంచింది మేం.

తాత తువ్వాలు భుజాన వేసుకున్నాడు. తరవాత దర్జీ వైపు చెయ్యి చాపాడు.

"గుడ్డ మీద గీతలు గీస్తావే, ఆ సుద్దముక్క ఒకటియ్యి."

దర్జీ జేబులోంచి తీసి ఇచ్చాడు. ఎందుకని అడగలేదు.

మర్నాడు పొద్దున తాత వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. అమ్మాయి షాపు మెట్ల మీద అట్టపెట్టెలు విప్పుతోంది. బల్ల మీద కూర్చోకుండా తిన్నగా అటే వెళ్ళాడు. దర్జీ, నేనూ వెనకే వెళ్ళాం. ఆయన మమ్మల్ని చూడలేదు, చూసినా పట్టించుకోలేదు. ఆ అమ్మాయితోనే మాట్లాడాడు. ఆయన నోట అంత పొట్టి కథ మేం ఎన్నడూ వినలేదు.

"సుద్ద నూరి గాజు సీసాలో నీళ్ళు పోసి కలిపాను. ఆవిడ ముందు పెట్టాను. 'ఏమిటిది' అంది. ఆగమన్నాను. ఇద్దరం కూర్చున్నాం. సుద్ద దిగింది. పైన తేటనీళ్ళు ఒక గ్లాసులోకి వంచి, వీధి చూపించాను. ఊరికి అని. అడుగున మిగిలిన తెల్లటిది ఇంకో గ్లాసులోకి వంచి, ఆవిణ్ణి చూపించాను. తరవాత ఆవిడ రెండు చెవులూ ముట్టుకున్నాను. తరవాత నా గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను."

"అర్థమైందా?"

"వెంటనే అర్థమైంది. నాకే ఇన్నాళ్ళు పట్టింది." అన్నాడు తాత. "చాలాసేపు ఆ గ్లాసులోకి చూసింది. తరవాత, 'ఆ రోజు మందు చాలా చేదుగా ఉంది' అంది."

"చేదుగా ఉందా?" అన్నాడు దర్జీ. "లేదు, బాగుందని చెప్పింది కదా?"

"నేనూ అదే సైగ చేశాను. 'ఊరంతా చేదు లేదంటుంటే ఇంట్లో నేను చేదంటే మీ పేరేం కావాలి? అందుకే మింగేశాను' అంది. అని లేచి, రెండు గ్లాసులూ కడిగి బోర్లించింది. నన్ను ఒక్క మాట అనలేదు. పొద్దున తాగడానికి నీళ్ళు అడిగింది. ముంచి ఇచ్చాను. అందుకుని..."

అక్కడితో ఆపేశాడు. ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి స్టూలు తెచ్చి కౌంటరు పక్కన వేసింది. తాత దాని వైపు చూసి, "ఇప్పుడే కాదమ్మా" అన్నాడు. షాపు తెరిచిన రోజున వచ్చి కూర్చున్నాడు.

ఆ స్టూలు మీద ఆయన ఆరేళ్ళు కూర్చున్నాడు. ఏ మందైనా చేతికిచ్చే ముందు రెండుసార్లు చెప్పేవాడు, మూడోసారి అవతలి వాళ్ళ చేత చెప్పించేవాడు. చుక్క మందైనా కొలత గ్లాసుతోనే పోసేవాడు. కోతలు కొయ్యమని దర్జీ ఎంత గిల్లినా కొయ్యలేదు. అవన్నీ మేం చూశాం. ఆయన ఆ రోజు చెప్పకుండా మింగిన మాట మాత్రం ఆమె పోయాకే చెప్పాడు. ఆమె ఆయన్ని తిట్టలేదట, వదిలి వెళ్ళలేదట, వంట చేసి పెట్టిందట, జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసిందట. కానీ ఆయన చేతిలోంచి ఏది అందుకున్నా, మందైనా పాలైనా మంచినీళ్ళైనా, గుమ్మం దగ్గర వెలుతురులోకి తీసుకెళ్ళి, గ్లాసు మెల్లగా వంచి అడుగు చూసుకుని తాగేదట. ఆరేళ్ళలో ఒక్క పూట కూడా చూడకుండా తాగలేదు.